మిర్చి వద్దన్న లైన్స్‌మన్

నేను ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. లీగ్ నడిపే ఆఫీసుకు రాశాను, పలకలేదు. మా క్లబ్బు మేనేజరుకు ఫోన్ చేస్తే "ఇంకా అదేనా నాయనా" అని నవ్వి పెట్టేశాడు. పత్రికలకు రాశాను, వేయలేదు. పోయిన వారం మాత్రం జిల్లా పేజీలో ఒక మూలన వేశారు. నా ప్రశ్న కాదు. జవాబు తెలిసిన మనిషి చనిపోయాడన్న వార్త.

చర్ల ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన వ్యాయామ ఉపాధ్యాయుడు అనారోగ్యంతో కన్నుమూశాడని, కబడ్డీకి ఎనలేని సేవ చేశాడని రాశారు. ఆయన జన్మలో కబడ్డీ కూత పెట్టలేదు. ఆయన ఫుట్‌బాల్ మనిషి. దేశమంతా ఆడే ప్రొఫెషనల్ లీగులో ఒక సీజన్ మొత్తం లైన్స్‌మన్‌గా జెండా పట్టాడు. మా ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి అంతదూరం పోయినవాళ్లం ఇద్దరమే, ఆటగాడిగా నేను, జెండాతో ఆయన. అందులో ఒక్క ముక్క కూడా వార్తలో లేదు. ఫొటోలో ఆయన ఎడమ భుజం తెగిపోయింది. దానికి మాత్రం పత్రికవాళ్లను అనను. గ్రూపు ఫొటోల్లో ఆయన ఎప్పుడూ చివరన, అందరికీ కాస్త ఎడంగా నిలబడేవాడు. కత్తిరిస్తే భుజం పోక ఏమవుతుంది?

ఆయన ఎక్కడున్నా అంచునే. చేను గట్టు మీద పోతే గట్టు చివర నడుస్తాడు. బస్సులో సీటు దొరికినా సగమే కూర్చుంటాడు. భద్రాచలం బస్టాండులో టికెట్ల కోసం జనం వరుసగా నిలబడితే, ఆయన వరుసలోకి రాడు. వరుసకు పక్కగా, సరిగ్గా చివరినుంచి రెండో మనిషి పక్కన పోయి నిలబడతాడు. ఆ మనిషి ముందుకు జరిగితే ఈయనా జరుగుతాడు. "ఏం పెద్దాయనా, వరుసలకు రా" అని ఎవరైనా కసిరితే అప్పుడు ఉలిక్కిపడి వెనక్కి పోయేవాడు.

ఫుట్‌బాల్ తెలియనివాళ్లకు ఇది పిచ్చిలా కనపడుతుంది. లైన్స్‌మన్ పనే అది. గోల్ కీపరుతో కలిపి అవతలి జట్టులో చివరినుంచి రెండో మనిషి ఎక్కడుంటే, లైన్స్‌మన్ గీత బయట అతనికి సమానంగా పరుగెత్తాలి. బంతి అందించే క్షణానికి మా జట్టువాడు ఆ రెండో మనిషిని దాటి గోల్ వైపు ఉంటే ఆఫ్‌సైడ్, జెండా లేస్తుంది, గోల్ కొట్టినా చెల్లదు. అతనికి సమానంగా ఉంటే తప్పు లేదు. సందేహం ఉంటే జెండా ఎత్తకూడదు. ఇవి నేను పుట్టించిన రూల్స్ కావు. ఎవరినైనా అడగండి.

చేతి విషయం కూడా చెప్పాలి. ఆయన దేన్నీ వేలితో చూపించేవాడు కాదు. ఆటో ఆపాలన్నా, బడిలో పిల్లలను పిలవాలన్నా, కుడిచెయ్యి నిలువుగా పైకి లేపి అలాగే ఉంచేవాడు. ఆటో ఆగేదాకా దించడు. చర్ల సెంటర్లో ఆటోవాళ్లు కావాలనే దూరంగా ఆపుకుని, "ఎంతసేపు ఉంచుతడో చూద్దాం" అని పందేలు వేసుకునేవాళ్లట. చెయ్యి వణకదు. ఆ చెయ్యి వణకదన్న సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది గోవాలో. సీజన్‌లో చివరి మ్యాచ్. గెలిస్తే మా క్లబ్బు లీగులో ఉంటుంది. డ్రా అయినా కింది డివిజన్‌కు పోతుంది. నా కాంట్రాక్టు కూడా క్లబ్బు లీగులో ఉన్నంతవరకే. ఆ సీజన్ అంతా నేను తెలుగు వినలేదు. మా జట్టులో కేరళవాళ్లు, మణిపూర్ వాళ్లు, ఒక ఆఫ్రికా అన్న. తిండి దగ్గర హిందీ, గ్రౌండులో ఇంగ్లీషు, కలలో కూడా ఏదో కలగాపులగం. బోనకల్‌లో రైలు కట్ట పక్కన ఆడుకున్నవాణ్ణి, ఆ రోజు బూట్ల లేసులు మూడుసార్లు విప్పి కట్టుకున్నాను. ఆట మొదలయ్యే ముందు లైన్స్‌మన్లు మా బూట్లు పరీక్ష చేస్తారు. అడుగున గుబ్బలు పదునుగా ఉన్నాయేమోనని బొటనవేలితో తడిమి చూస్తారు. నా వంతు వచ్చింది. ఎద్దు గిట్టకు నాడా కొట్టేవాడిలా ఒకాయన నా కాలు పట్టుకుని వంగి చూస్తున్నాడు. నేను నాలో నేనే అనుకున్నాను, "అబ్బబ్బ, ఏంది ఈ ఉక్క, పానం పోయేటట్టుంది."

"ఏ ఊరు తమ్మీ?" అన్నాడాయన, గుబ్బలు చూస్తూనే.

నేను ఒంటికాలి మీద ఊగిపోయాను. "బోనకల్ సార్! మీరు?"

"చర్ల. ఆశ్రమ బడిల పీఈటీని. రెండో కాలు ఇయ్యి."

అంతే మాట్లాడింది. కానీ నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చింది. మొదటి సగం ఎట్లా ఆడానో నాకు తెలుసు. రెండుసార్లు గోల్ కంబానికి కొట్టాను. విరామానికి అందరం బయటికి పోతుంటే ఆయన పక్కన నడుస్తూ అన్నాను, "సార్, సీజన్ అయినంక మీ బడికి ఒక బస్తా మిర్చి పంపిస్త. అసలు తేజ రకం."

ఆయన నవ్వాడు. "మా చర్లల పండయా మిర్చి?"

"పండితే పండనీయిండ్రి. మా చేన్లయి వేరే."

ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం. రెఫరీ ఉత్తరాది మనిషి, మా భాష రాదు. నవ్వు విని ఇటు తిరిగాడు. నన్ను చూశాడు, సారును చూశాడు. సారును పక్కకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. సారు తల దించుకుని ఊపాడు. నేను చూసింది అంతే. విన్నది ఏమీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఈ సంగతి విన్న ప్రతివాడూ "నువ్వు మిర్చి మాట ఎందుకెత్తావు" అంటాడు. ఎత్తితే ఏమిటి? పరాయి ఊళ్లో మనవాడు కనపడితే ఖమ్మం మనిషి మిర్చి పంపిస్తానంటాడు, ఆవకాయ పంపిస్తానంటాడు, చెల్లెలి పెళ్లికి రమ్మంటాడు. అది పలకరింపు. చర్లవాడికి మిర్చి లంచమిచ్చేంత తెలివితక్కువవాడు మా జిల్లాలో లేడు. అక్కడ గోదావరి ఒడ్డున ఎటు చూసినా మిర్చి కల్లాలే.

రెండో సగంలో ఆయన నా వైపు చూడలేదు. ఆట చివరికొచ్చింది. ఇరువైపులా గోల్ లేదు. ఎడమ నుంచి మా కేరళ కుర్రాడు బంతి వదిలాడు. నేను వాళ్ల రైట్ బ్యాక్ భుజం పక్కనుంచి లేచాను. అతని భుజం, నా భుజం రాసుకున్నాయి. ఆ చెమట ఇప్పటికీ తగులుతోంది నాకు. భుజం రాసుకుంటే ముందున్నట్టా, సమానంగా ఉన్నట్టా? ఎడమ కాలితో మూలకు కొట్టాను. వల ఊగింది. చేతులు చాపి తిరిగాను. ఎర్రా పసుపు గళ్ల జెండా నిలువుగా లేచి ఉంది. గాలికి గుడ్డ ఊగుతోంది కానీ చెయ్యి కదలడం లేదు.

పరుగెత్తాను. "సార్! సమానంగనే ఉన్న సార్! మీరు చూసిండ్రు గదా!"

ఆయన నా భుజం మీదుగా రెఫరీనే చూస్తున్నాడు. పెదవులు కదపకుండా, తెలుగులో, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు, "జెండా లేచింది తమ్మీ."

డ్రా అయింది. కింది డివిజన్‌కు పోయాం. కింది డివిజన్ క్లబ్బుకు ఖర్చు దండగని మరుసటి ఏడాది దాన్ని ఎత్తేశారు. నేను ఖమ్మం మిర్చి యార్డులో, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే మా బాబాయి అడ్తి దుకాణంలో వచ్చి కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఊరుకుంటానా? ఆ వానాకాలం పోగానే చర్ల బయలుదేరాను. భద్రాచలం దాటాక రోడ్డంతా గుంతలు. పోలీసు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి అందరినీ దింపారు. కొత్త మొహం కదా, నన్ను పక్కకు పెట్టారు.

"ఎందుకు పోతున్నవ్?"

"ఆశ్రమ బడి పీఈటీ సార్‌ను ఒక మాట అడగాలె."

"ఏం మాట?"

"ఆఫ్‌సైడా, కాదా అని."

నా సంచి మళ్లీ వెతికించారు.

నేను పోయేసరికి సారు బడి గ్రౌండులో ఉన్నాడు. గ్రౌండంటే రెండు ఇప్పచెట్ల మధ్య కాస్త చదును. పిల్లలు ఒట్టికాళ్లతో ఆడుతున్నారు. ఆయన గీత బయట పక్కవాటుగా, పీతలాగా పరుగెత్తుతున్నాడు. పిల్లలతో కోయ భాషలో అరుస్తున్నాడు, నాతో మాత్రం తెలుగులో, "వచ్చినవా బోనకల్, కూసో" అన్నాడు. నా పేరు ఆయన ఎన్నడూ అడగలేదు. చివరిదాకా నేను ఆయనకు బోనకల్‌నే. అది కూడా నాకు గుర్తుంది.

కూర్చోలేదు నేను. ఆయన పక్కనే పరుగెత్తుతూ అడిగాను. ఆయన నా మొహం చూడడు. ఎవరు మాట్లాడినా అంతే. కళ్లు పక్కకు, చెవి నీ వైపు. మొదట్లో ఇదేం పొగరు అనుకున్నాను. కళ్లు గీత వెంట చూస్తుంటే, బంతి తన్నిన చప్పుడు చెవితో పట్టుకోవాలట. ఆ పనిచేసీ చేసీ మనుషులను చూడటం మరిచిపోయాడు.

"సార్, ఒక్క మాట చెప్పుండ్రి. నేను దాటి ఉన్ననా?"

"జెండా లేచింది గదా."

"లేచింది నేను చూసిన. ఎందుకు లేచిందని అడుగుతున్న."

"జెండా ఎందుకు లేస్తది బోనకల్?"

"గదే నేనూ అడిగేది!"

ఆట ఆపి పిల్లలంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆయన చేతిలో జెండా నా ముందు పెట్టాడు. "కాసేపు పట్టి చూడు. తెలుస్తది."

"నేను నేర్చుకోను రాలే, అడగను వచ్చిన" అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. ఆయన జెండా చంకలో పెట్టుకుని టీకి తీసుకుపోయాడు. టీ అయిపోయాక, నేను ఏమీ అడగకుండానే అన్నాడు, "నన్ను మళ్లా పిలవలే."

"ఎవరు?"

"లీగోళ్లు. గా మ్యాచే ఆఖరు."

"ఎందుకు పిలవలే?"

గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పుతూ కూర్చున్నాడు. "పిలవలే" అన్నాడు మళ్లీ.

తిరుగు బస్సులో నాకు నిలకడ లేదు. ఆయన ఎత్తింది సరైతే ఎందుకు పిలవలేదు? తప్పయితే నా గోల్ సంగతేంటి? రెండింట్లో ఏదైనా నాకు జవాబు కావాలి కదా. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా తల పైకప్పుకు తగులుతోంది, ఈ ప్రశ్న మళ్లీ మొదటికొస్తోంది.

ఆ తర్వాత ఆయనే రావడం మొదలుపెట్టాడు. ఏటా మిర్చి సీజన్‌లో, బడికి ఆట సామాన్లు కొనాలనో, స్పోర్ట్స్ మీట్ అనో ఖమ్మం వచ్చేవాడు. యార్డుకు వచ్చేవాడు. ఎర్రటి రాశులు, బస్తాలు, ఘాటు. అలవాటు లేనివాళ్లు గేటులోనే దగ్గుతారు. ఆయన తువ్వాలు ముక్కుకు కట్టుకుని, కాటా దగ్గర హమాలీల వరుసలో చివరినుంచి రెండోవాడి పక్కన నిలబడేవాడు. హమాలీలు నన్ను కేకేసేవాళ్లు, "అన్నా, నీ ఆఫ్‌సైడ్ సార్ వచ్చిండే! జెండా తెచ్చిండేమో చూడు, నీ బస్తా ఎత్తనిస్తడో లేదో!"

నేను కుర్చీ వేసేవాణ్ణి. టీ చెప్పేవాణ్ణి. ఎంత కోపమున్నా ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఉండలేం కదా. టీ తాగేవాడు. పోయేటప్పుడు ఒక సంచిలో తేజ మిర్చి వేసి చేతికిచ్చేవాణ్ణి.

"వద్దు తమ్మీ."

"ఏం సార్, నా మిర్చిల విషం ఉందా?"

"లేదు."

"మీ కాడ పండుతయని గొప్పా?"

"కాదు."

"మరేంది?"

"వద్దు" అని చేయి పైకెత్తేవాడు, ఆటో కోసం. ప్రతి ఏడూ ఇదే. ఒక గుప్పెడైనా తీసుకోలేదు. రైతులు, గుమస్తాలు చూస్తుండగా నా సంచి వెనక్కి నెట్టేవాడు. అవమానం కాదా అది? ఒకసారి సంచి ఆటోలోకి విసిరేశాను. ఆటో గేటు దగ్గర ఆగింది. ఆయన దిగి, సంచిని గేటు గోడ మీద జాగ్రత్తగా పెట్టి, మళ్లీ ఎక్కి పోయాడు.

జవాబు చెప్పడు, మిర్చి తీసుకోడు. మరి ఎందుకు వచ్చేవాడు? అంతదూరం నుంచి, ఆ రోడ్డు మీద, రోజంతా బస్సులో కూర్చుని, నా దుకాణంలో ఒక టీ తాగడానికి ఎవరైనా వస్తారా? నేను అడిగితే కళ్లు పక్కకు తిప్పి, చెవి ఇటు పెట్టి ఊరుకునేవాడు.

ఈ ఏడు రాలేదు. వాళ్లావిడ ఫోన్ చేసింది. "తమ్ముడూ, బోనకల్ అంటే నువ్వేనా? మీ సారు ఖమ్మంల దవాఖానాల ఉన్నడు. నిన్ను రమ్మంటుండు."

"ఏమైంది అక్కా?"

"ఏమైందో డాక్టర్లకే తెల్వాలె. ఇంకో మాట. వచ్చేటప్పుడు మిర్చి తెమ్మంటుండు."

"దవాఖానాల మిర్చా?"

"నేనూ గదే అన్న. కారం ముట్టొద్దన్నరు. వింటడా ఈయన? ఇన్నేండ్ల సంది ఖమ్మం మిర్చి ఇంట్ల అడుగు పెట్టనియ్యలే. అంగట్ల కొనుక్కొస్తే కూడ, ఏ యార్డుదని అడిగేటోడు. ఇయ్యాల ఖమ్మంవే కావాల్నట."

కొత్త పంటలోవి, తొడిమ తాజాగా ఉన్నవి ఏరి తీసుకుపోయాను. మధ్యాహ్నం. వార్డు నిండా జనం. సారు మంచం ఒక అంచున, ఇంకాస్త జరిగితే పడిపోయేట్టు పడుకుని ఉన్నాడు. సగం మంచం ఖాళీ. బాగా చిక్కిపోయాడు. నేను దగ్గరికి పోగానే తల తిప్పాడు, నా మొహంలోకి చూశాడు. అన్నేళ్లలో అదే మొదటిసారి. ఆయన కళ్లు తేనె రంగువని అప్పుడు తెలిసింది నాకు.

"తెచ్చినవా?"

సంచి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు. మూతి విప్పి గుండెల నిండా వాసన పీల్చాడు. దగ్గు తెర వచ్చింది. పక్క మంచమాయన తుమ్మాడు, ఆ పక్కావిడ తుమ్మింది, వార్డు సగం దగ్గుతోంది. నర్సు పరుగున వచ్చింది. "ఎవరయ్యా మిర్చి తెచ్చింది? ఇది దవాఖానా అనుకున్నరా, యార్డు అనుకున్నరా?" సారు సంచి దుప్పటి కిందికి లాక్కుని, ఏమీ ఎరగనట్టు కళ్లు పక్కకు తిప్పాడు. వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

నర్సు పోయాక అడిగాను. మనిషి ఆ స్థితిలో ఉన్నాడని మానలేదు. మానితే ఇంకెప్పుడు అడగాలి?

"సార్, ఇగనన్న చెప్పుండ్రి. నేను బోనకల్ కాకుండ ఏ బొంబాయోణ్ణో అయితే, అప్పుడు కూడ జెండా ఎత్తేటోళ్లా?"

ఇన్నేళ్లుగా అడిగింది ఒకటి, ఆ రోజు నా నోటి నుంచి వచ్చింది ఇంకొకటి. రెండోదే అసలు ప్రశ్న. దాటి ఉన్నానా అని కాదు నా బాధ.

ఆయన ఈసారి కళ్లు పక్కకు తిప్పలేదు.

"నాకు తెల్వదు బోనకల్" అన్నాడు. "గా ముందు దాంక లైన్ చూస్తే లైనే కనపడేది. ఎవరు, ఏ ఊరు, ఏ భాష, ఏం కనపడకపోయేది. హాఫ్ టైంల గాయన చెవిల ఆ మాట అన్నంక, లైన్ దిక్కు చూస్తే నువ్వే కనపడ్డవ్. ఇగ నేనేం చూసిన్నో, ఎందుకు ఎత్తిన్నో, నాకే తెలుస్తలేదు."

"ఏమన్నడు సార్ గాయన?"

తల అడ్డంగా ఊపాడు.

"చెప్పుండ్రి సార్. మీరు గాకపోతే ఎవరు చెప్తరు?"

"విజిల్ వేసినాయన్ని అడుగు. గది ఆయన మాట. నా నోటితోని నన్ను నేనే ఎందుకు అనుకోవాలె?" దుప్పటి కింద సంచి దగ్గరికి లాక్కున్నాడు. "దాటి ఉన్నవా లేదా నిన్నే అడగాల్నని నీ కాడికి వస్తుంటి. ప్రతి ఏడు వస్తుంటి. నువ్వు టీ ఇస్తుంటివి, మిర్చి ఇస్తుంటివి. మిర్చి తీసుకుంటే, ఆయన అన్న మాట నిజమైతదని భయం."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల జెండా లేదు గదా నా చేతిల" అన్నాడు.

ఆ వారమే ఇంటికి తీసుకుపొమ్మన్నారట. చర్లలోనే పోయాడు. వాళ్లావిడ ఆ మిర్చితోనే పచ్చడి నూరి, అన్నంలో కలిపి, ముద్ద నోటికి అందించిందట. ఎక్కిళ్లు వచ్చాయట. అయినా ఇంకో ముద్ద అడిగాడట.

సరే, ఆయన మిర్చి తీసుకున్నాడు కదా, ఇంకా ఎందుకు అంటున్నారు ఇంట్లో. మిర్చి వేరు, జవాబు వేరు. ఆయన నన్ను మోసం చేశాడని ఇన్నేళ్లు అనుకున్నాను. లైన్ తప్ప ఏమీ చూడని మనిషికి ఒక్క మాటతో కళ్లు పోగొట్టారు. నాకు ఒక గోల్ పోయింది. ఆయనకు లైనే పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు విజిల్ వేసిన రెఫరీ గారూ, మీరు ఇప్పుడు కుర్రాళ్లకు రెఫరీ పాఠాలు చెబుతున్నారని విన్నాను. మీకు తెలుగు రాదు. మీ శిష్యుల్లో తెలుగువాడు ఎవడైనా ఉంటే ఇది మీకు చదివి వినిపించాలి. నా ఒక్కడి ప్రశ్న అయినంతకాలం అందరూ నవ్వి ఊరుకున్నా చెల్లింది. ఇప్పుడు నేను ఇద్దరి తరఫున అడుగుతున్నాను. గోల్ ఇవ్వమని కాదు, ఆ వల ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. మీరు అన్న మాట మీరే చెప్పండి. ఖమ్మం యార్డులో ఆఫ్‌సైడ్ దుకాణం ఎక్కడని అడిగితే ఏ హమాలీ అయినా చూపిస్తాడు. వస్తే టీ ఇస్తాను. మిర్చి మాత్రం ఇవ్వను.

విరామంలో, మేమిద్దరం నవ్వుకున్నాక, మీరు ఆయన్ని పక్కకు పిలిచి చెవిలో ఏమన్నారు?